అమ్మానాన్నలతో డిస్నీ వరల్డ్: గుడ్డు కూడా తగలకూడని అమ్మకు అక్కడ ఏం పెట్టాలి?

తెనాలి టు అట్లాంటా:

నమస్కారం అండీ. మేం అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో ఉంటాం. అమ్మానాన్నలు మొదటిసారి అమెరికా వచ్చారు, ఆగస్టులో వెళ్లిపోతారు. పిల్లలకు మే ఆఖరుకి స్కూలు అయిపోతుంది కాబట్టి జూన్ రెండో వారంలో అందరం కలిసి ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి వెళ్దామనుకుంటున్నాం. కార్లోనే. ఇంకా ఐదు వారాల టైముంది.

మొత్తం ఆరుగురం. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్నగారు, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప.

అసలు బెంగ తిండి గురించి. మాంసం సంగతి అటుంచండి, గుడ్డు తగిలిన గరిటె కూడా అమ్మ ముట్టదు. శనివారం ఒంటిపూట. బయట ఎక్కడికి తీసుకెళ్లినా "నాకు ఆకలిగా లేదురా, మీరు తినండి" అంటుంది. ఆ మాటకు అర్థం ఏమిటో మీకందరికీ తెలుసు. పోయిన నెల చట్టనూగా తీసుకెళ్తే రోజంతా ఒక అరటిపండు, ఒక కాఫీతో గడిపేసింది. రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చాక, మేమంతా పడుకున్నామనుకుని, వంటింట్లో లైటు కూడా వెయ్యకుండా నిలబడి పెరుగన్నం తింటోంది. మంచినీళ్లకని వెళ్లి చూశాను. చూడనట్టే వెనక్కి వచ్చేశాను.

నాన్నగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఏదైనా తింటారు కానీ సుగర్ ఉంది, మధ్యాహ్నం మాత్ర వేసుకుంటే అరగంటలో భోజనం పడాలి. మోకాళ్లు కూడా అంతంత మాత్రం. "నేను నడవగలను" అంటారు గానీ వాల్‌మార్ట్‌లో రెండు వరసలు తిరిగేసరికి కార్టు మీద వాలిపోతారు. వీల్‌చెయిర్ మాటెత్తితే ఆ పూటంతా మాట్లాడరు.

మా ఆవిడ ఎక్సెల్ షీటు ఒకటి తయారు చేసింది. నాలుగు రోజులు, డిస్నీ వరల్డ్‌లోని నాలుగు పార్కులు (మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్), పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా. దాన్ని చూస్తేనే నాకు టెన్షన్ వస్తోంది. ఒక్కో టికెట్టు వంద డాలర్ల పైమాటే కాబట్టి ఆవిడ లెక్కా తప్పనలేను.

బయటి తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారా? హోటల్లో దిగాలా, ఇల్లు తీసుకోవాలా? పెద్దవాళ్లను తీసుకెళ్లిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. "యూట్యూబ్‌లో చూడండి" అనకండి, అవన్నీ చూసే ఇక్కడికొచ్చాను.

—

టాంపా కోడలు:

ముందు ఆ ఎక్సెల్ షీటు మూయించండి. మీ ఆవిడని ఏమీ అనుకోవద్దని చెప్పండి, నేనూ అలాంటిదే వేశాను, పైగా రంగులు పూసి మరీ. మాది టాంపా, అక్కడికి గంటన్నర. రెండేళ్ల కింద జూన్‌లోనే అత్తయ్యగారినీ మావయ్యగారినీ తీసుకెళ్లాను. మావారికి సెలవు దొరక్క ఆఖరి రోజు మాత్రం వచ్చారు. అంటే ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు, ఒక స్ట్రోలరు, తిండి చల్లగా ఉంచే కూలరు డబ్బా ఒకటి, వీటన్నిటికీ కలిపి నేనొక్కదాన్ని.

అప్పుడు నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, రైడ్ల మధ్యలో భోజనం ఇరికించాలని చూస్తే రెండూ పోతాయి. భోజనం వేళ ముందు ఖాయం చేసుకుని రైడ్లు దానికి అటూ ఇటూ సర్దుకోవాలి. మీ నాన్నగారి మాత్ర ఒంటిగంటకైతే పన్నెండున్నరకు మీరు ఏసీలో కూర్చుని ఉండాలి. పన్నెండున్నరకు చోటు వెతకడం మొదలుపెడితే ఒంటిగంటన్నర అవుతుంది.

తిండి నిక్షేపంగా రానిస్తారు. చాలామందికి ఈ సంగతి తెలియక పస్తులుంటారు. గాజు సీసాలు, మందు, విడి ఐసు ఉండకూడదు. కూలరు 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు దాటకూడదు. ఐసు ముక్కలు పోసి తేకండి, ఫ్రీజర్లో పెట్టే ఐస్ ప్యాకులు వాడండి.

గాజు సంగతి నాకెలా ఒంటబట్టిందో చెప్తాను. అత్తయ్యగారు విజయవాడ నుంచి తెచ్చిన మాగాయని పాత హార్లిక్స్ సీసాలోనే ఉంచి సంచిలో పెట్టేశారు. రూలు చదివింది నేను, సంచి సర్దింది ఆవిడ, తప్పు నాదే. సెక్యూరిటీ అమ్మాయి సీసా పైకెత్తి, తిప్పి చూసి, మర్యాదగానే చెప్పింది, గాజు కుదరదని. కారు ఎక్కడో ఉంది. బెంచీ మీద కూర్చుని పిల్లల బిస్కెట్లు ఒక కవర్లోకి ఒంపి, ఆ ప్లాస్టిక్ డబ్బాలోకి మాగాయ చెంచాతో ఎత్తాను. సగం నూనె నా చేతికి, సగం స్ట్రోలరుకి. ఆ రోజంతా మా స్ట్రోలరు పక్కన నిలబడితే మెంతిపిండి వాసనే. ఖాళీ సీసా చెత్తడబ్బాలో వేస్తుంటే ఆవిడ మొహం చూడాలి! ఇప్పటికీ ఫోన్ చేస్తే "ఆ సీసా మూత ఎంత గట్టిదో తెలుసా" అంటారు.

ఏం వండుకెళ్లాలి అంటే, వేడి చేసుకునే వీలు ఉండదు కాబట్టి చల్లారినా రుచి చెడనివి. మొదటి రోజుకి చింతపండు పులిహోర, కాస్త నూనె ఎక్కువ వేసి. రెండో రోజుకి చపాతీల్లో బంగాళాదుంప వేపుడు చుట్టి, ఒక్కొక్కటీ ఫాయిల్‌లో. దద్దోజనం మాత్రం ఇంట్లో కలిపినట్టు పెరుగుతో కలపకండి, ఫ్లోరిడా జూన్ ఎండకి మధ్యాహ్నానికి పుల్లటి కంపు కొడుతుంది. పొద్దున అన్నం మెత్తగా వండి, పాలు పోసి మెదిపి, గోరువెచ్చగా అయ్యాక ఒక్క చెంచా పెరుగు తోడేసి డబ్బాలో పెట్టండి. ఆ డబ్బాని ఐస్ ప్యాకులకు దూరంగా, ఒక తువ్వాల్లో చుట్టి పై సంచిలో ఉంచాలి. మీరు తిరుగుతుంటే అది తోడుకుంటూ ఉంటుంది. పన్నెండున్నరకు మూత తీస్తే కమ్మటి పెరుగన్నం. ఇది అత్తయ్యగారి విద్య, రైలు ప్రయాణాలకు ఇలాగే చేసేవారట. ఆవిడ వంట ఆవిడే చేసుకుని తెచ్చుకున్నప్పుడు "ఆకలిగా లేదు" అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. మీ అమ్మగారికి కూడా తెల్లవారుజామున ఆ వంటగది అప్పజెప్పి చూడండి.

అందుకే హోటలు కాదు, పక్కనే ఉన్న కిస్సిమ్మీ ఊరి వైపు వంటగది ఉన్న ఇల్లు తీసుకోండి. రైస్ కుక్కరూ పోపులపెట్టె ఇంటి నుంచే తెచ్చుకోండి. అద్దె ఇళ్లలో గిన్నెలుంటాయి గానీ వాటిలో అంతకుముందు ఎవరు ఏం వండారో తెలియదు కదా, మీ అమ్మగారు అడిగే మొదటి ప్రశ్న అదే. ఒక గిన్నె, ఒక బాణలి, ఒక గరిటె మీవే తెచ్చి చూపించండి.

డిస్నీ హోటల్లో దిగితే కొన్ని లాభాలున్నాయి. పార్కులోకి అరగంట ముందు వదులుతారు, రైడ్లకు క్యూ తప్పించే లైట్నింగ్ లేన్ బుకింగ్ వాళ్లకు ఏడు రోజుల ముందు నుంచి దొరుకుతుంది, మనకు మూడు రోజులే. వంటగది ముందు అవన్నీ దిగదుడుపే అని నా అభిప్రాయం.

ఇక నడక. వీల్‌చెయిర్‌ని మీ నాన్నగారి కోసమని అనకండి. కూలరు పెట్టుకోవడానికని అనండి. మా మావయ్యగారు మొదటి గంటన్నర దాన్ని తనే తోసుకుంటూ తిరిగారు, పైన కూలరుతో, ఏదో ఎయిర్‌పోర్ట్ పోర్టరులా. పదకొండింటికి "కాస్త ఆ కూలరు ఒళ్లో పెట్టుకుంటానమ్మా" అని కూర్చున్నారు. సాయంత్రం దాకా లేవలేదు.

మ్యాజిక్ కింగ్‌డమ్‌కి ఒక తిరకాసు ఉంది. కారు పార్కు గేటు దగ్గర ఆగదు. చెరువుకి ఇవతల ఆపి, అక్కడి నుంచి మోనోరైలో పడవో ఎక్కాలి. పోనూ ముప్పావుగంట, రానూ ముప్పావుగంట వేసుకోండి. అందుకని ఆ రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకుని మళ్లీ వెళ్దామన్న ఆలోచన పెట్టుకోవద్దు. ఎప్‌కాట్, యానిమల్ కింగ్‌డమ్‌లకు ఆ బాధ లేదు, కార్లు గేటు పక్కనే. అదే రోజు మళ్లీ లోపలికి రానిస్తారు కూడా.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లో భోజనానికి కొలంబియా హార్బర్ హౌస్ అనే రెస్టారెంటులో మేడ మీద చోటు పట్టుకోండి. కింద జాతర జరుగుతున్నా పైన ప్రశాంతంగా ఉంటుంది. పిల్లలకు ఏదో ఒకటి డిస్నీ యాప్‌లో ముందే ఆర్డర్ పెట్టండి. పదిన్నరకే పన్నెండుంపావు టైముకి పెట్టేయొచ్చు, క్యూ ఉండదు. మన డబ్బాలు ఆ బల్ల మీదే విప్పుకోవచ్చు. కౌంటర్లో అడిగితే ఐసు వేసిన మంచినీళ్లు ఊరికే ఇస్తారు, సీసాలు కొనకండి.

ఒక్కటి మాత్రం వదలొద్దు. ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ద ల్యాండ్ అని నెమ్మదైన పడవ ప్రయాణం. కుదుపుల్లేవు, మొదట్లో కాసేపు చీకటిగా ఉంటుంది అంతే. చివర్లో పడవ నిజమైన గ్రీన్‌హౌసుల్లోంచి వెళ్తుంది. మట్టి లేకుండా వేళ్లు గాల్లో వేలాడుతున్న మొక్కలు, పందిరి నుంచి దిగిన గుమ్మడికాయలు, ఒకచోట చేపల పెంపకం. మావయ్యగారిది కోనసీమలో కొబ్బరితోట, కాస్త వరి. ఆ మొక్కల్ని చూసి సగం లేచి నిలబడ్డారు, కూర్చోమని మైకులో అనౌన్స్ చేశారు. మూడుసార్లు ఎక్కాం. మూడోసారి దిగాక "అంతా బాగుంది గానీ, ఈ నీళ్లకీ కరెంటుకీ అయ్యే ఖర్చుకి కాయ ఎంతకి అమ్మితే గిట్టుద్ది?" అన్నారు. అక్కడ పండినవి వాళ్ల హోటళ్లలోనే వాడతారని చెప్తే కాస్త శాంతించారు.

—

చెగోడీ:

కోడలుగారు చెప్పినదానికి చిన్న యాడింగ్. అన్నీ ఇంటి డబ్బాలే అయితే ఆంటీకి పార్కులో కూడా వంటమనిషి ఉద్యోగమే కదా బ్రో. ఒక పూట బయట కూర్చోబెట్టి తినిపించండి.

దానికి సానా అనే రెస్టారెంట్. పార్కులో కాదు, యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్లో కిడాని విలేజ్ వైపు ఉంటుంది. అక్కడ దిగకపోయినా, పార్కు టికెట్టు లేకపోయినా రిజర్వేషన్ ఉంటే చాలు. వాళ్ల బ్రెడ్ సర్వీస్ ఫేమస్. ఐదు రకాల రొట్టెలు, నానులూ కుల్చాల వంటివి, వాటితో తొమ్మిది రకాల చట్నీలూ పచ్చళ్లూ. మామిడి, చింతపండు, కొత్తిమీర, రైతా అన్నీ వస్తాయి. కిటికీ అవతల జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటాయి. మా అమ్మ జిరాఫీ వంక చూస్తూ నాన్ తింటున్న ఫొటోనే మా ఫ్యామిలీ గ్రూప్ డీపీ ఇప్పటికీ.

60 రోజుల ముందే బుకింగ్ ఓపెన్ అవుతుంది, మీకు లేటయింది. అయినా యాప్‌లో రోజూ చూస్తుండండి, జనం చివర్లో క్యాన్సిల్ చేస్తారు. నాకు ముందు రోజు సాయంత్రం దొరికింది.

గుడ్డు గొడవకి షార్ట్‌కట్: ఎక్కడికెళ్లినా "ఎగ్ అలర్జీ" అని చెప్పేయండి. పని అయిపోతుంది.

—

ఓర్లాండో శాకాహారి:

చెగోడీ గారూ, సానా విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. ఆ షార్ట్‌కట్ మాత్రం దయచేసి వద్దు. మా అబ్బాయికి వేరుశెనగ అలర్జీ నిజంగానే ఉంది. అలర్జీ అని చెప్తే షెఫ్ లోపలి నుంచి వచ్చి మాట్లాడతారు, గ్లవ్స్ మారుస్తారు, పెనం వేరే పెడతారు. అంత పని చేయించాక పక్క బల్ల మీద కేకు ముక్క తింటూ కనిపిస్తే, రేపు మావాడి గురించి చెప్పినప్పుడు ఎవరు నమ్ముతారు? "మతపరంగా గుడ్డు తినము" అంటే చాలు. ఇక్కడ అర్థం చేసుకుంటారు, నేను పదిహేనేళ్లుగా అదే చెప్తున్నాను.

మెనూల్లో పచ్చని ఆకు గుర్తు ఉంటుంది. ఆ గుర్తున్నదాంట్లో మాంసం, గుడ్డు, పాలు, తేనె ఏవీ ఉండవు. కమ్మింగ్ గారి అమ్మగారికి అదే కొండగుర్తు. ఆకు లేనివాటిలో చీజ్, బ్రెడ్డు ఉన్నవి అడిగి తెలుసుకోవాలి. సానా నానుల్లో కూడా గుడ్డు ఉందో లేదో కూర్చోగానే అడగండి, వంటకాలు మారుతుంటాయి. పిల్లలకు కొనే మిక్కీ ఆకారం రైస్ క్రిస్పీ ట్రీట్‌లో మార్ష్‌మాలో ఉంటుంది, అంటే జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్. అమ్మమ్మకో నానమ్మకో ఒక ముక్క తుంచి పెట్టే అలవాటు మన పిల్లలకు ఉంటుంది కదా, అందుకని చెప్తున్నాను. ఐస్‌క్రీం లాంటి పైనాపిల్ డోల్ విప్ మాత్రం హాయిగా తినొచ్చు, అందులో పాలు కూడా ఉండవు.

యానిమల్ కింగ్‌డమ్‌లో సాటూలీ క్యాంటీన్ ఉంది, అవతార్ సినిమా లోకం పండోరాలో. అన్నం గిన్నెలో వేసి పైన టోఫు పెట్టి ఇస్తారు. మా ఇంట్లో అందరికీ నచ్చేది అదే. కారప్పొడి పొట్లం ఒకటి జేబులో ఉంటే ఇంకా మంచిది. ఎప్‌కాట్‌లో ఇటలీ పేరుతో కట్టిన చోట వియా నాపోలి రెస్టారెంటు పిజ్జా బాగుంటుంది. కట్టెల పొయ్యిలు మూడు, వాటికి ఎట్నా, వెసూవియస్, స్ట్రాంబోలీ అని అగ్నిపర్వతాల పేర్లు. బాబుకి చూపించండి. ఎప్‌కాట్‌లో 11 దేశాల పెవిలియన్లు ఉన్నాయి గానీ మన దేశం లేదు, మీ నాన్నగారు తప్పకుండా అడుగుతారు, జవాబు సిద్ధం చేసుకోండి.

ఊళ్లో ఇండియన్ బఫేలు చాలానే ఉన్నాయి. పార్కు నుంచి అలసిపోయి వస్తూ దారిలో కనిపించినదాంట్లోకి దూరకండి. పేరు చెప్పను, ఒకచోట సాంబారులో బెల్లం తప్ప పప్పు తగల్లేదు.

—

తెనాలి టు అట్లాంటా:

అందరికీ వేల నమస్కారాలు. మా ఆవిడ ఈ థ్రెడ్ చదివి ఎక్సెల్ షీటులో కొత్త కాలమ్ పెట్టింది, "అత్తయ్యగారి భోజనం" అని. మూసేయమంటే మాత్రం ఒప్పుకోలేదు.

రెండు సందేహాలు. శనివారం ఒంటిపూట ఉంటుందన్నాను కదా, ఆ రోజు ఏ పార్కు పెట్టుకోవాలి? రెండోది, బాబుకి స్టార్ వార్స్ పిచ్చి. హాలీవుడ్ స్టూడియోస్ మానేస్తే ఊరుకోడు. పెద్దవాళ్లకు అక్కడ ఏముంది?

—

టాంపా కోడలు:

శనివారం ఏ పార్కూ వద్దు. శుక్రవారం బయల్దేరి వచ్చేయండి, శనివారం ఇంట్లోనే. మీరు సరుకులు తెచ్చుకోండి, పిల్లలు ఈతకొలను వదిలి ఎలాగూ రారు, అమ్మగారు పూజ, ఒంటిపూట భోజనం తన పద్ధతిలో చేసుకుంటారు. ప్రయాణం బడలిక కూడా తీరుతుంది.

ఆదివారం యానిమల్ కింగ్‌డమ్. తెరిచేసరికి అక్కడుండి సఫారీ ట్రక్కు ముందు ఎక్కండి, ఎండ ముదిరితే జంతువులు నీడల్లోకి పోతాయి. తర్వాత మహారాజా జంగిల్ ట్రెక్. అక్కడ ఆనందపూర్ అని ఒక ఊరు కట్టారు, పాడుబడ్డ కోట, గోడల మీద బొమ్మలు, మధ్యలో పులులు. మా అత్తయ్యగారు ఆ కోట గోడ మీద పెచ్చులూడిన సున్నం చూసి "దీన్ని కూడా కావాలనే ఇలా కట్టారా? మనింటి ప్రహరీ చూపిస్తే ఎంతిస్తారు?" అన్నారు. మధ్యాహ్నం లయన్ కింగ్ షో, అరగంట ఏసీలో కూర్చోవచ్చు. ఒంటిగంటన్నరకల్లా బయటపడండి. జూన్‌లో సాయంత్రాలు ఉరుములు మెరుపులతో వాన దాదాపు రోజూ ఉంటుంది, బయట రైడ్లు ఆపేస్తారు. ఆ రాత్రికే సానా ప్రయత్నించండి, పక్కనే. చీకటి పడకముందు వెళ్లాలి, లేకపోతే జిరాఫీ కనపడదు.

సోమవారం హాలీవుడ్ స్టూడియోస్‌కి మీరూ బాబూ మాత్రమే వెళ్లండి. మిగతావాళ్లకు టికెట్టే కొనకండి. అక్కడే మీకు డబ్బు మిగిలింది, మీ ఆవిడకి ఆ మాట చెప్పండి. అన్నట్టు, బాబుకి పదేళ్లు నిండకముందే వెళ్తున్నారు కాబట్టి పిల్లల టికెట్టే. పాపకి ఎత్తు కొలిచి తీసుకెళ్లండి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో సెవెన్ డ్వార్ఫ్స్ రైడ్‌కి 38 అంగుళాలు ఉండాలి, స్పేస్ మౌంటెన్‌కి 44. ఎక్కలేనివాటి దగ్గర రైడర్ స్విచ్ అడగండి. మీరు బాబుతో ఎక్కొచ్చాక మీ ఆవిడ మళ్లీ క్యూ కట్టకుండా ఎక్కొచ్చు, బాబుకి రెండోసారి కూడా దక్కుతుంది.

మంగళవారం ఎప్‌కాట్. పడవ, పడవ, మళ్లీ పడవ. దేశాల వైపు పదకొండింటికి గానీ తెరవరు. చెరువు చుట్టూ నడిస్తే మైలు పైన, అందుకని అడ్డంగా వెళ్లే పడవ ఎక్కండి.

బుధవారం మ్యాజిక్ కింగ్‌డమ్. మీరు నాన్నగారు రైల్వే గార్డు అన్నప్పుడే చెప్దామనుకున్నా. అక్కడ పార్కు చుట్టూ తిరిగే రైలు బొమ్మ రైలు కాదు, నిజం ఆవిరి ఇంజన్లు. ఫిలడెల్ఫియాలో బాల్డ్విన్ కంపెనీ 1916, 1928 మధ్య తయారు చేసినవి, మెక్సికోలో యుకటాన్ వైపు పనిచేసి, తర్వాత ఇక్కడికొచ్చాయి. చుట్టు తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు. మధ్యమధ్య రిపేర్లకు ఆపుతుంటారు కాబట్టి ఆ రోజు నడుస్తోందో లేదో యాప్‌లో చూసుకోండి. ఎండ నడినెత్తికొచ్చాక క్యారసెల్ ఆఫ్ ప్రోగ్రెస్‌లో కూర్చోబెట్టండి. హాలే గుండ్రంగా తిరుగుతుంది, ఇరవై నిమిషాలు చల్లగా ఉంటుంది, కునుకు తీసినా ఎవరూ ఏమనరు. మావయ్యగారు గురక పెట్టారు.

బాణసంచా చూడాలని పట్టుబట్టకండి. పెద్దవాళ్లు ఆ వేళకి ఉంటే ఉన్నారు, లేకపోతే లేదు.

—

తెనాలి టు అట్లాంటా:

వెళ్లొచ్చాం. చెప్పకపోతే బాగుండదని రాస్తున్నా.

సానా దొరికింది, రెండు రోజుల ముందు రాత్రి పదకొండింటికి. అమ్మ రొట్టెలన్నిటికీ ఒక్కొక్కటే గుడ్డుందా అని నా చేత అడిగించింది. తర్వాత తొమ్మిది పచ్చళ్లనీ వేలితో ముట్టుకుని రుచి చూసి, "ఇది మన చింతపండు తొక్కే, ఉప్పు తక్కువైంది" అని తీర్పు ఇచ్చింది. జిరాఫీ వచ్చింది గానీ అమ్మ అప్పటికి కొత్తిమీర చట్నీలో ఏముందో సర్వర్ అమ్మాయికి వివరిస్తోంది.

దద్దోజనం మొదటి రోజు తోడుకోలేదు. తువ్వాల్లో చుట్టడం మర్చిపోయి కూలర్లో పెట్టేశాను. పాలన్నంలో ఉప్పు వేసుకుని తిన్నాం. రెండో రోజు బాగా కుదిరింది.

వీల్‌చెయిర్ నాటకం పని చేయలేదు. నాన్నగారు మొదటి నిమిషంలోనే కనిపెట్టి, "కూలరుకి చక్రాలున్నాయి కదరా" అన్నారు. అయినా పదిన్నరకి కూర్చున్నారు.

రైలు నడుస్తోంది. ఎక్కేముందు ప్లాట్‌ఫారం అంచున వంగి పట్టాల వెడల్పు చూసి, "నేరో గేజ్. మనదానికంటే అర అడుగు ఎక్కువ" అన్నారు. తర్వాత వెతికి చూస్తే నిజమే, ఇది మూడు అడుగులు, మన నేరో గేజ్ చాలావరకు రెండున్నర. ఒక చుట్టు అయ్యాక దిగలేదు. రెండో చుట్టు అయ్యాక దిగి, ఇంకో రైలు వచ్చేదాకా స్టేషన్లోనే నిలబడ్డారు. వెనక పెట్టె దగ్గరున్న కుర్రాడు అంతా సరిగ్గా ఉందని చెయ్యి ఊపాడు. నాన్నగారు కూడా కుడిచెయ్యి పైకెత్తారు, జెండా పట్టుకున్నట్టు, బండి మలుపు తిరిగేదాకా. నేను ఫొటో తియ్యబోతే మా ఆవిడ నా ఫోన్ కిందికి దించింది.